ట్రోపోనిన్ లేని ట్రోపోనిన్ గ్రాఫ్

గుండెపోటు జాడ చెప్పే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను కొలిచే సెన్సర్ చేయబోయి మా ల్యాబు మోసపోయిన కేసు ఇది. స్కాలర్ పేరు, సంవత్సరం, సంస్థ పేరు తీసేశాను. కొలతల్లో కొన్నింటిని గుండ్రంగా రాశాను. తప్పులో పెద్ద వాటా గైడుగా నాదే. అది మాత్రం ఎక్కడా తగ్గించి రాయలేదు.

నేపథ్యం

మాది వరంగల్. మాలిబ్డినం డైసల్ఫైడ్‌ను ఒక్క పొర మందంలో తీసి ట్రాన్సిస్టర్లు చేయడం మా పని. పేరు కొత్తగా వినిపించినా పదార్థం పాతదే. మెకానిక్ షాపుల్లో నల్లగా కనిపించే మోలీ గ్రీజులో ఉండేది ఇదే. దాని పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి గ్రీజుకు పనికొస్తుంది. అవే పొరలు టేపుకు అంటుకుని సులువుగా ఊడివస్తాయి కాబట్టి మాకూ పనికొస్తుంది. ఒక్క పొర మందం సుమారు 0.65 నానోమీటర్లు.

ఈ టేపు విద్య గ్రాఫీన్‌తో పేరుకెక్కింది. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ గ్రాఫైట్ మీద టేపు అంటించి ఒక్క పొరను వేరు చేశారు. 2010లో వాళ్లకు నోబెల్ వచ్చింది. కానీ గ్రాఫీన్‌కు బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు దాటాల్సిన శక్తి అంతరం) లేదు, దాంతో చేసిన ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆఫ్ అవదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒక్క పొరలో ఉన్నప్పుడు గ్యాప్ దాదాపు 1.8 ఎలక్ట్రాన్ వోల్టులు. 2011లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందం దీనితో చేసిన ట్రాన్సిస్టర్‌లో ఆన్ కరెంటుకు, ఆఫ్ కరెంటుకు పది కోట్ల రెట్ల తేడా వచ్చింది. మాలాంటి చిన్న ల్యాబులన్నీ అటు తిరగడం ఆ తర్వాతే.

సెన్సర్‌గా దీని గొప్ప ఏమిటంటే, ఇందులో లోపలి భాగం అంటూ లేదు. ఉన్నదంతా ఉపరితలమే. పక్కకు ఒక చార్జి ఉన్న అణువు వచ్చి కూర్చుంటే ఆ ప్రభావం చానెల్ (కరెంటు పారే దారి) మొత్తం మీద పడుతుంది. దీని తంటా కూడా అదే. తలుపుల్లేని ఇంట్లోకి మనం పిలిచిన చుట్టమే రాడు, ఊరకుక్క కూడా వస్తుంది. గాలిలో తేమ, బఫర్‌లో (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణంలో) ఉప్పు, వెలుతురు, కింద ఉన్న సిలికాన్ డయాక్సైడ్‌లో ఇరుక్కున్న చార్జీలు, అన్నీ కరెంటును కదుపుతాయి. ఈ రెండో మాటను నేను క్లాసులో చెప్పేవాణ్ణి. మా గ్రాఫ్ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

గుండెకు సంబంధించిన సెన్సర్ చేయాలన్న ఆలోచన నాకు తెలిసిన ఒక డాక్టరు గారిది. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి ఛాతినొప్పితో వచ్చేవాళ్లలో చాలామంది గ్యాస్ అనుకుని సోడా తాగి, రాత్రంతా ఓర్చుకుని పొద్దున బయల్దేరతారని ఆయన చెప్పేవారు. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్-ఐ అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. పెద్ద మెషీన్లు దాన్ని లీటరుకు పదుల నానోగ్రాముల స్థాయిలోనే పట్టుకుంటాయి. ఆ పని ఒక చిప్ మీద, పీహెచ్‌సీలోనే జరిగితే? ప్రశ్న మంచిదే. మా స్కాలర్ కూడా ఇష్టంగానే తీసుకుంది.

మొదట్లో వచ్చిన ఫలితం

ఆమె తయారుచేసిన చిప్‌లో లోపం లేదని ముందే చెప్పాలి. లేజర్ వెలుతురు చెదిరే తీరును చూపే రామన్ స్పెక్ట్రమ్‌లో రెండు శిఖరాల మధ్య దూరం దాదాపు 19 వేవ్‌నంబర్లు వచ్చింది. చాలా పొరలున్న దిమ్మ పదార్థమైతే 25 దాకా ఉంటుంది. అంటే నిజంగా ఒక్క పొరే. దాని మీద ట్రోపోనిన్‌ను పట్టుకునే యాంటీబాడీ పూసి, పైన 20 మైక్రోలీటర్ల బఫర్ చుక్క వేసి, ఆ చుక్కలో ప్లాటినం తీగ ముంచి దాన్నే గేటుగా, అంటే కరెంటును అదుపు చేసే మీటగా, వాడేది.

కొలిచే పద్ధతి అందరూ చేసేదే. మిల్లీలీటరుకు 1 ఫెమ్టోగ్రాముతో (నానోగ్రాములో పది లక్షల వంతు) మొదలుపెట్టి, ప్రతిసారీ పదిరెట్లు పెంచుతూ 1 నానోగ్రాము దాకా ఏడు మెట్లు. మెట్టుకు పది నిమిషాలు. చుక్క తీసి కొత్త చుక్క వేయడం, పదో నిమిషంలో రీడింగ్ తీసుకోవడం. మెట్టు మెట్టుకీ థ్రెషోల్డ్ వోల్టేజ్ (ట్రాన్సిస్టర్ ఆన్ కావడానికి గేటుకు ఇవ్వాల్సిన వోల్టేజ్) సుమారు 13 మిల్లీవోల్టులు పెరుగుతూ వచ్చింది. అడ్డం వైపు గాఢతను లాగ్ స్కేల్‌లో (ప్రతి పదిరెట్లకూ ఒకే దూరం) పెట్టి గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు గీత. నేను చూసి మురిసిపోయాను. పేపరు రాయడం మొదలుపెట్టమన్నాను.

అప్పటికే ఒక అనుమానం నా చేతి దాకా వచ్చింది. మా చానెల్ ఎన్-టైప్, అంటే కరెంటును మోసేవి ఎలక్ట్రాన్లు. ట్రోపోనిన్-ఐ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం చార్జి సున్నా అయ్యే పీహెచ్) 10కి దగ్గర్లో ఉంటుంది, అంటే 7.4 పీహెచ్ దగ్గర దాని మీద పాజిటివ్ చార్జి. పాజిటివ్ చార్జి దగ్గరికొస్తే ఎలక్ట్రాన్లు పెరిగి కరెంటు పెరగాలి, థ్రెషోల్డ్ తగ్గాలి. మాకు తిరగబడి వచ్చింది. ఆమె ఈ సంగతి అడిగింది కూడా. 'యాంటీబాడీ ఏ వాలులో కూర్చుందో మనకేం తెలుసు, దాని చార్జి కూడా కలుస్తుంది కదా' అన్నాను. ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ గ్రాఫ్ కుడివైపుకు ఎక్కినా, దిగినా అదే జవాబు సరిపోతుంది. ఏది వచ్చినా సరిపోయే జవాబు దేనికీ జవాబు కాదని నాకు ఆ రోజు తట్టలేదు.

ఖాళీ బఫర్ రోజు

ట్రోపోనిన్ ప్రొటీన్ చిన్న సీసాలో, మంచు మీద పంపిస్తారు. ఖరీదు ఎక్కువ. పాతది అయిపోయింది, కొత్తది దారిలో ఉంది. ఖాళీగా కూర్చోవడం ఎందుకని ఆమె ఒక కొత్త చిప్ తీసుకుని వట్టి బఫర్‌తోనే చేయి సాధన చేసింది. ఏడు చుక్కలు, ఏడు పది నిమిషాలు, అదే వరుస. చుక్కలకు పేర్లు కూడా అవే పెట్టుకుంది: 1 ఫెమ్టో, 10 ఫెమ్టో, అలా.

సాయంత్రం గది తలుపు దగ్గర నిలబడి ప్రింటు చేతికిచ్చింది. బాగానే ఉంది కదమ్మా, ఇది ఏ చిప్ అని అడిగాను.

"దీంట్ల ట్రోపోనిన్ లేదు సార్."

పాత గ్రాఫ్ పక్కన పెట్టి చూశాం. వాలు కూడా దాదాపు ఒకటే.

పని చేయనివి

నాకు మొదట వచ్చిన ఆలోచన, ఎక్కడో పాత ప్రొటీన్ అంటుకుని ఉందని. ట్రోపోనిన్ ప్లాస్టిక్‌కూ గాజుకూ అతుక్కునే రకం కాబట్టి ఆ ఆలోచనలో అర్థం లేకపోలేదు. రెండు వారాలు గాజుసామాను కడిగాం, కొత్త బఫర్ కలిపాం, కొత్త టిప్పులు తెరిచాం. గీత అలాగే ఉంది. నిజానికి ఆ రెండు వారాలు అక్కర్లేదు. అంటుకున్న ప్రొటీనే కారణమైతే చుక్క చుక్కకీ పదిరెట్ల లెక్కన అది పెరగడం ఎలా సాధ్యం? అది ముందు అడగాల్సిన ప్రశ్న.

రెండో ప్రయత్నం నాదే. దాని గురించి చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. బ్లాంక్ (వట్టి బఫర్) గీతను ట్రోపోనిన్ గీతలోంచి తీసివేస్తే మిగిలేది అసలు సిగ్నల్ కదా అన్నాను. నాలుగు చిప్పుల మీద చేసింది. ఒకదాంట్లో పెరుగుదల మిగిలింది, ఒకదాంట్లో తగ్గుదల, రెండింట్లో ఏమీ లేదు. చిప్ చిప్‌కీ జారుడు (దానంతటదే మెల్లగా మారిపోవడం) వేరు. ఒకే చిప్‌లోనైనా అది నిన్న ఎంతసేపు తడిలో ఉందో దాన్నిబట్టి మారేది. ఆ పెరుగుదల మిగిలిన చిప్ ఒక్కదాన్నే పేపర్లో పెట్టి ఉండొచ్చు. ఎవరూ పట్టుకునేవారు కాదు. అక్కడ ఆగినందుకు నేను గొప్ప చెప్పుకోను, ఆమె నాలుగు గ్రాఫులూ ఒకే కాగితం మీద ప్రింట్ తీసి తెచ్చింది, నాకు దారి లేకపోయింది.

మూడోది చుక్క. అప్పటికి మే నెల. మధ్యాహ్నం కరెంటు పోతే ఏసీ ఆగేది, మెషీన్ మాత్రం యూపీఎస్ మీద నడిచేది. మా అటెండర్ ఒకసారి చిప్ చుట్టూ తెల్లటి ఉప్పు గీత చూసి, "సుక్క ఎండుతుంది కద సార్" అన్నాడు. బ్యాలెన్స్ మీద పెట్టి చూస్తే 20 మిల్లీగ్రాముల చుక్క పది నిమిషాల్లో 4 మిల్లీగ్రాములు కోల్పోతోంది. అయిదో వంతు. నీళ్లు పోతే ఉప్పు చిక్కబడుతుంది, థ్రెషోల్డ్ జరుగుతుంది. దొంగ దొరికాడని సంబరపడ్డాం. మెత్తటి సిలికోన్ రబ్బరుతో చిన్న తొట్టి చేసి, 200 మైక్రోలీటర్లు పోసి, పైన మూత పెట్టాం.

గీత పోలేదు. అయితే ఒక మార్పు వచ్చింది: పొద్దున చేసినా మధ్యాహ్నం చేసినా ఇప్పుడు ఒకేలా వస్తోంది. కొంచెం ఆలోచిస్తే ఇది అంతకుముందే తెలియాలి. ప్రతి మెట్టులో చుక్క కొత్తది కదా, ఎండడం కూడా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అది రోజుకో తేడా తెస్తుంది గాని మెట్టు మెట్టుకీ పేరుకోదు. పేరుకునేదేదో చుక్కతో పాటు మారకుండా అక్కడే ఉండిపోయే వస్తువులో ఉండాలి. అలాంటివి రెండే: చిప్, ప్లాటినం తీగ.

తేల్చిన రెండు ప్రయోగాలు

మొదటిది, ఏమీ చేయకపోవడం. చిప్‌ను బఫర్‌లో పెట్టి, వోల్టేజ్ ఇచ్చి, ఏమీ కలపకుండా రాత్రంతా వదిలేశాం. థ్రెషోల్డ్ మొదటి గంటన్నర దాదాపు సూటిగా పెరిగి, తర్వాత మెల్లమెల్లగా చదునైంది. మా ఏడు మెట్లకు పట్టే 70 నిమిషాలు సరిగ్గా ఆ ఏటవాలు భాగంలోనే పడుతున్నాయి.

గీత లాగ్ స్కేల్ మీద అంత అందంగా ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. గాఢత ప్రతి పది నిమిషాలకు పదిరెట్లు అవుతోంది. అంటే గాఢత లాగ్, గడియారం ఒకే వేగంతో నడుస్తున్నాయి. టైముతో సూటిగా జారే ఏ వస్తువును తెచ్చి పెట్టినా లాగ్ స్కేల్ మీద సూటి గీతే వస్తుంది. మేం గీసింది క్యాలిబ్రేషన్ అనుకున్నాం గాని, అది గడియారం.

రెండోది, వరుస తిప్పడం. ఈసారి నిజమైన ట్రోపోనిన్‌తోనే, 1 నానోగ్రాముతో మొదలుపెట్టి 1 ఫెమ్టోగ్రాముకు దిగాం. గాఢత తగ్గుతోంది, సిగ్నల్ మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ రోజు పేపరు డ్రాఫ్ట్‌ను పక్క ఫోల్డర్‌లోకి మార్చాను.

ఇంటికెళ్లాక ఒక లెక్క వేశాను, కవరు వెనక వేసుకునేంత చిన్నది. ట్రోపోనిన్-ఐ అణుభారం సుమారు 24,000. మిల్లీలీటరుకు 1 ఫెమ్టోగ్రాము అంటే 20 మైక్రోలీటర్ల చుక్కలో ఉండే అణువులు దాదాపు 500. మా చానెల్ వైశాల్యం 50 చదరపు మైక్రోమీటర్లు. చుక్క కూర్చున్న చోటు, 3 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే, 70 లక్షల చదరపు మైక్రోమీటర్లు. అంటే లక్షా నలభై వేలలో ఒక వంతు. అయిదు వందల మంది ఊరంతా చెదిరి తిరుగుతుంటే, ఒకానొక అరుగు మీద ఎవరైనా పది నిమిషాల్లో వచ్చి కూర్చుంటారా? పైగా ఈ సైజు ప్రొటీన్ పది నిమిషాల్లో కదిలే దూరం మిల్లీమీటరులో మూడో వంతు. మొదటి మెట్టులో మేం చూసిన 13 మిల్లీవోల్టులకు ఒక్క ట్రోపోనిన్ అణువు కూడా బాధ్యురాలై ఉండే అవకాశం లేదు. ఈ లెక్కకు పది నిమిషాలు కూడా పట్టలేదు. పేపరు రాయమనే ముందు వేయాల్సింది.

పని చేసినవి

ప్లాటినం తీగకు బఫర్‌లో తనదంటూ స్థిరమైన పొటెన్షియల్ ఉండదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను బట్టి, తీగ మీద పేరుకున్న ప్రొటీన్‌ను బట్టి అది కదులుతుంది. గేటే కదిలితే ట్రాన్సిస్టర్‌కు ఆ తేడా తెలియదు, తన థ్రెషోల్డే కదిలినట్టు చూపిస్తుంది. సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ పెట్టగానే పది నిమిషాలకు 13 మిల్లీవోల్టుల జారుడు 5కు దిగింది. మిగతాది చిప్‌దే. నీళ్లు, అయాన్లు ఆక్సైడ్‌లోకి మెల్లగా ఇంకడం, అక్కడి లోపాల్లో చార్జీ నిండడం. దీనికి రెండు పనులు చేశాం: కొలిచే ముందు రెండు గంటలు బఫర్‌లో నాననివ్వడం, వోల్టేజ్‌ను అదే పనిగా ఇవ్వకుండా రీడింగ్ తీసేటప్పుడు మాత్రమే ఇవ్వడం. జారుడు 1 మిల్లీవోల్టు లోపుకు వచ్చింది.

అప్పుడు అసలు సిగ్నల్ కనిపించిందా? లేదు. ఇప్పుడు ఏమీ కనిపించలేదు, ఎంత ట్రోపోనిన్ వేసినా. ఆమెకు అది చాలా కష్టమైన నెల. నాకైతే ఒక రకంగా ఊరట, ఎందుకంటే ఆ సున్నాకు కారణం పాఠంలోనే ఉంది. మేం వాడిన పీబీఎస్ అనే మామూలు బఫర్‌లో ఉప్పు రక్తంలో ఉన్నంత ఉంటుంది. ఆ ఉప్పులో చార్జి ప్రభావం 0.7 నానోమీటర్ల దూరంలోనే కప్పబడిపోతుంది, దాన్నే డిబై పొడవు అంటారు. యాంటీబాడీ ఎత్తే 10 నానోమీటర్ల పైమాట. దాని కొనన ట్రోపోనిన్ పట్టుబడినా కింద చానెల్‌కు ఆ కబురు అందదు. అంటే మొదట్లో మామూలు బఫర్‌లో అంత సిగ్నల్ రావడమే అనుమానించాల్సిన విషయం.

రెండు దారులున్నాయి. బఫర్‌ను పలచన చేయడం ఒకటి, పట్టుకునే చేతిని పొట్టిది చేయడం ఇంకొకటి. ముందు వందో వంతుకు పలచన చేశాం. డిబై పొడవు 7 నానోమీటర్లయింది గాని, పీహెచ్‌ను పట్టి ఉంచే శక్తి కూడా వందో వంతైంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగినా పీహెచ్ జరిగేది, ఆక్సైడ్ ఉపరితలం ఒక్క పీహెచ్ మార్పుకు 59 మిల్లీవోల్టుల దాకా కదలగలదు. మళ్లీ ఇంకో దొంగ. చివరికి మధ్యేమార్గం: పట్టుకోవడం మామూలు బఫర్‌లో, కడిగాక కొలవడం పదో వంతు బఫర్‌లో. యాంటీబాడీ బదులు ఆప్టమర్, అంటే ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టేలా ఎంచిన పొట్టి డీఎన్‌ఏ పోగు. అది ఉపరితలానికి అంటిపెట్టుకుని ఉంటుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ మీద రసాయన బంధానికి పట్టు దొరకదు, ఊరికే అతికిస్తే కడుగులో పోతుంది. అందుకని పైన పల్చటి హాఫ్నియం ఆక్సైడ్ పూత వేసి దాని మీద కట్టాం. ఆ పూత సదుపాయం మాకు లేదు, బయటివాళ్లను చేసుకోనిచ్చే బెంగళూరు ఐఐఎస్సీ నానో కేంద్రానికి ఆమె రెండుసార్లు వెళ్లి వచ్చింది. పొర మీద వేలాడే బంధాలు లేకపోవడంతో ఆ పూత కూడా సమంగా పడదు. సగానికి పైగా చిప్పులు చిల్లులతో లీకయ్యాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం ఖర్చులేనిది. ఒకే చిప్ మీద రెండు చానెళ్లు: ఒకదాని మీద సరైన ఆప్టమర్, పక్కదాని మీద అవే అక్షరాలు కలగాపులగం చేసిన పోగు. తేమ, వేడి, ఉప్పు, గేటు జారుడు రెండింటికీ ఒకేలా తగులుతాయి కాబట్టి తేడానే కొలిచాం. ఆప్టమర్‌కే నెగటివ్ చార్జి ఉంటుంది, ప్రొటీన్‌ను పట్టి ముడుచుకుంటే అదీ కదులుతుంది. అందుకని ఈసారి దిశను బట్టి వాదించలేదు, పక్క చానెల్‌నే సాక్షిగా పెట్టుకున్నాం. గాఢతల వరుసను చిట్టీలు రాసి తీసి నిర్ణయించాం. సీసాలకు పేర్లు ఇంకో స్కాలర్ పెట్టాడు. ఏ సీసాలో ఏముందో కొలిచేటప్పుడు ఆమెకు తెలియదు, మధ్యలో రెండు ఖాళీ సీసాలు ఉన్నాయన్నది మాత్రం తెలుసు.

ఆరు చిప్పుల్లో నాలుగింట్లో, మిల్లీలీటరుకు 1 నానోగ్రాము నుంచి పైకి, పదిరెట్లకు సుమారు 4 మిల్లీవోల్టుల తేడా వచ్చింది. ఖాళీ సీసాలు రెండూ సున్నా దగ్గరే నిలిచాయి. వానాకాలంలో మళ్లీ చేసినా అంతే.

ఎక్కడ తేలింది

పాత డ్రాఫ్ట్‌లో 1 ఫెమ్టోగ్రాము అని రాసుకున్నాం. ఇప్పటిది 1 నానోగ్రాము, పది లక్షల రెట్లు అధ్వానం. మిల్లీలీటరుకు 1 నానోగ్రాము అంటే లీటరుకు 1,000. డాక్టరు గారికి కావాల్సింది పదుల్లో. ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "అయితే ఇప్పట్ల మాకు పనికి రాదన్నట్టు" అన్నారు. రాదన్నాను. సీరంలో ఇంకా మొదలే పెట్టలేదని కూడా చెప్పాను.

ల్యాబులో ఇప్పుడు కొత్త చిప్ మీద మొదటి వారం ప్రొటీన్ సీసా తెరవరు. ఆ వారమంతా బఫరే. రాత్రంతా వదిలేసిన గ్రాఫ్, తిరగేసిన వరుస, అణువుల లెక్క నోటుబుక్కులో ఉంటేనే నేను మిగతా గ్రాఫులు చూస్తాను. పిల్లలకు ఇది విసుగే. ఒకతను బ్లాంక్‌లో గీత వస్తే చిప్ మార్చేసి, రాని చిప్‌తో ముందుకు పోతున్నాడని ఈ మధ్యే తెలిసింది. చిప్పులన్నిటికీ వరుస నంబర్లు వేసి, పక్కన పడేసినవాటి లెక్క కూడా రాయమన్నాను.

ఆమె థీసిస్‌లో నాలుగో అధ్యాయం ఈ జారుడు గురించే. అందులో పాత రెండు గ్రాఫులూ పక్కపక్కన ఉన్నాయి, పేర్లు లేకుండా. వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ కళ్లజోడు పైకి తోసుకుని, వీటిలో ట్రోపోనిన్‌ది ఏదమ్మా అని అడిగారు. ఫైల్ పేరు చూసి చెప్పాలి సార్ అని ల్యాప్‌టాప్ తెరిచింది.